లేసు ధర అల్లినావిడకీ తెలియాలి

ఇంటర్నెట్ వచ్చాక ప్రపంచం చిన్నదైపోయింది, ఇంట్లో కూర్చునే విదేశాలకి సరుకు అమ్మొచ్చు అంటుంటారు. బాగానే ఉంది. కానీ ఇంట్లో కూర్చుని విదేశాలకి సరుకు పంపడం మన ఆడవాళ్ళకి కొత్తా? నరసాపురం లేసు సంగతి చూడండి.

పశ్చిమ గోదావరిలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని అది. ఇళ్ళల్లో అల్లిన లేసు దశాబ్దాలుగా విదేశాలకి పోతూనే ఉంది. దారం ఇచ్చేది ఏజెంటు, అల్లింది పట్టుకెళ్ళేది ఏజెంటు. అవతల ఎంతకి అమ్ముడుపోయిందో అల్లినావిడకి తెలిసే దారే లేదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వీళ్ళ మీద ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. వీళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అని చెప్పుకోవడం వల్లే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ వాదన.

ఇప్పుడు ఎగుమతికి కావలసిన ఐఈసీ నంబరు 500 రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. ఎట్సీలాంటి చోట ఫోటో పెడితే లండన్‌లో ఉన్నావిడ చూసి కొనుక్కుంటుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చిన్న వ్యాపారులకి ఇదంతా మేలే.

అయితే ఫోటో పెడితే సరిపోదు కదా! ఇంగ్లీషులో వివరాలు రాయాలి, కొన్నవాళ్ళ ప్రశ్నలకి జవాబివ్వాలి, ప్యాకింగు చూడాలి, సరుకు తిరిగొస్తే ఆ నష్టం భరించాలి. ఇవన్నీ ఎవరికి చేతనైతే లాభం వాళ్ళదే. అంటే పాత ఏజెంటు పోయి ఫోనున్న ఏజెంటు వచ్చినట్టే.

అందుకే నాకు అమ్మకం కన్నా ధర తెలియడమే పెద్ద మార్పుగా కనిపిస్తుంది. అలాంటి టేబుల్ క్లాతు అక్కడ ఎంత పలుకుతోందో ఇప్పుడు ఏ ఇంటర్ చదివే పిల్లయినా వాళ్ళమ్మకి ఫోనులో చూపించగలదు. దానికి ఎన్ని గంటలు పట్టిందో అమ్మ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, రేపు కూలి మాట్లాడేటప్పుడు అడగడానికి ఒక లెక్కంటూ ఉంటుంది.

లేసే కాదు, పచ్చళ్ళయినా, జాకెట్ల మీద మగ్గం పనయినా ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా ఇలా అమ్మడం మొదలుపెడితే బ్యాంకు ఖాతా ఆవిడ పేరు మీదే తెరిపించండి. "ఖాళీగా ఉండి ఏం చేస్తుంది, ఏదో అల్లుకుంటుంది" అని మాత్రం అనకండి.