చప్పట్లకు చోటు కావాలి

ఈ వారం పేపరు మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. 'చింత లేని జీవితం' పేరుతో రెండు రోజుల శిబిరమట. ఏసీ ఫంక్షన్ హాలు, మనిషికి నాలుగు వేల అయిదు వందల ఫీజు, మధ్యాహ్న భోజనం అందులోనే. అన్నిటికన్నా కింద ఒక వాక్యం వేశారు: మీ దిగులుకు కారణం మీ ఆలోచనలే. అది చదివినప్పటి నుంచి నా కడుపు మండుతూనే ఉంది.

ఎవరి ఆలోచనలు? జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య పెరిగినదాన్ని నేను. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు. ఆకు కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, మూతి మడవాలి, దారం బిగించాలి. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు వెయ్యి బీడీలు. మెడలు పట్టేస్తాయి, వేళ్ల కొసలు నల్లబడతాయి, దగ్గు మొదలైతే వదలదు. ఇంత చేసినా చాలా ఊళ్లలో నెలలో సగం రోజులకే ఆకు ఇస్తారు. నెలకు 26 రోజుల పని కావాలని వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాయి. ఇంటాయన దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. పోయేటప్పుడు ఏజెంటుకు కట్టిన పైసలకు మిత్తి ఇక్కడ పెరుగుతుంటుంది. నెల తిరిగేసరికి పొదుపు సంఘం కిస్తీ కట్టాలి. పిల్ల ఇంటర్ ఫీజు కట్టాలి, అత్తకు బీపీ గోలీలు తేవాలి. ఈమె దిగులుకు కారణం ఆమె ఆలోచనా? ఆలోచన మార్చుకుంటే మిత్తి ఆగుతుందా? ఆమె దిగులు ఎక్కడి నుంచి వస్తున్నదో ఊరందరికీ తెలుసు. తప్పంతా నీ మనసుదే అని ఆమెకు చెప్పడం అన్యాయం. చెప్పి ఫీజు పుచ్చుకోవడం ఇంకా పెద్ద అన్యాయం.

ప్రభుత్వాలకూ ఈ మోజు పట్టింది. మధ్యప్రదేశ్ 2016లో ఆనందానికి ఏకంగా ఒక శాఖ పెట్టింది. 2018 ఏప్రిల్లో అమరావతిలో ఆనంద నగరాల సదస్సు జరిగింది. ఏటా మార్చి 20న ఆనంద దినోత్సవం, దాని చుట్టుపక్కల ప్రపంచ ఆనంద నివేదిక, మన ర్యాంకు మీద టీవీల్లో చర్చ. 2025 నివేదికలో 147 దేశాల్లో మనది 118వ స్థానం. ఫిన్లాండ్ వరుసగా ఎనిమిదోసారి మొదటిది. ఆ ర్యాంకుల వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి, పై మెట్టు మీకు దొరకగల మంచి బతుకు, అడుగు మెట్టు చెడ్డ బతుకు, మీరిప్పుడు ఏ మెట్టు మీదున్నారు? ఇదే ప్రశ్న మా ఊరి బీడీల అమ్మను అడిగితే రెండో మెట్టనో మూడో మెట్టనో అంటుంది. నిజమే చెబుతుంది. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం అడిగినా అదే మెట్టు చెబుతుంది. కానీ ఆ సాయంత్రం ఆమె ఆ మెట్టు మీద నిలబడే పాడుతుంది. ఆ పాట గురించే నేను ఈ వారం రాయాలనుకున్నది.

కష్టాలు తీరాక సంతోషపడదాం అనుకున్న వాళ్లెవరూ సంతోషపడగా నేను చూడలేదు. అప్పు తీరితే పిల్ల పెళ్లి, పెళ్లయితే పురుడు, పురుడయ్యేసరికి ముసలివాళ్ల మందులు. వరుస తెగదు. మా అమ్మల తరానికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాళ్లు దిగులు పోయేదాకా ఆగలేదు. దిగులును వెంటబెట్టుకునే గుడి ముందరికి వచ్చారు.

బతుకమ్మ తెలియని తెలంగాణ మనిషి లేడు కాబట్టి వివరించబోను. పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే తొమ్మిది రోజులవి. కానీ ఆ పాటల్లో ఏముందో ఒక్కసారి చెవి పెట్టి వినమంటాను. అత్తింటి ఆరళ్లు, తీసుకుపోవడానికి రాని అన్న కోసం ఎదురుచూపు, అడవుల పాలైన సీత, వాన లేక నెర్రెలిచ్చిన చెరువు. పండుగ పాటల్లో ఇంత ఏడుపేమిటని పట్నంలో పెరిగిన పిల్లలు అడుగుతారు. అందులోనే ఉంది కిటుకంతా. ఒకామె చరణం అందుకుంటుంది. మిగతా ముప్పై మంది 'ఉయ్యాలో' అని వంత పాడతారు. అడుగు ముందుకు, వంగి చప్పట్లు, అడుగు పక్కకు. పాత కథ నడుస్తుండగానే పాడే ఆమె తన ముచ్చట ఒకటి అందులో జొనుపుతుంది. మొన్నటి పంట సంగతో, ఉత్తరం రాని మొగుని సంగతో. కావాలని ఆగి ఎవరూ ఓదార్చరు. అదే వంత, అవే చప్పట్లు. ఒక గొంతులో ఇరుక్కున్న బాధ ముప్పై గొంతుల్లోకి పోతుంది. బాధ పోయిందని కాదు. దాన్ని ఒంటరిగా మోసే పని మాత్రం ఆ పూటకు తప్పింది. నాకు తెలిసినంతలో కష్టంలో ఉన్న మనిషికి దొరికే సంతోషం ఇదే. ఇది నూటికి నూరు పాళ్లు అసలైన సంతోషం.

కొన్నేళ్ల కింద సద్దుల నాడు మా ఊళ్లో ఒకామెను చూశాను. భర్త సౌదీలో ఉన్నాడు. కంపెనీ నెలల తరబడి జీతమియ్యలేదు, అక్కడ ఉండనిచ్చే అకామా గడువు దాటింది, రావడానికి లేదు, ఉండడానికి లేదు. ఆమె ఆ సాయంత్రం తాంబాళంలో గుమ్మడాకు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి తెచ్చింది. గుడి మెట్టుకు ఫోను ఆనించి వీడియో కాల్ పెట్టింది. అటువైపు ఒక ఇరుకు గది, ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు. ఆమె భర్త ఒక్కడే అనుకున్నాను. చూస్తుండగానే ఇంకో నలుగురు తలలు దూర్చారు. అందరూ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఎవరి ఆడవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కుంటూ, పేర్లు పెట్టి పిలుస్తూ, ఫోను ఇటు తిప్పమని ఒకటే లొల్లి. ఇంత తిప్పలల్ల కూడా ఆడబుద్ధి అయితుందా చెల్లె అని అడిగాను. 'తిప్పలు ఎప్పుడుండేయే గదక్కా, బతుకమ్మ ఏడాదికొక్కపారి గదా' అని కొంగు బిగించి గుంపులో కలిసింది.

ఆ మాటలో ఉన్నంత తెలివి నాలుగు వేల అయిదు వందల శిబిరంలో దొరకదు.

ఇక నా అసలు బాధకు వస్తాను. ఈ పాట మన కళ్ల ముందే చచ్చిపోతున్నది. పదిహేనేళ్లుగా చూస్తున్నాను, ఏటా ఒక గొంతు తగ్గుతున్నది, ఏటా ఒక డీజే బాక్సు పెరుగుతున్నది. వాడవాడకూ మనిషి ఎత్తు బాక్సులు. యూత్ వాళ్లు చందాలు వేసుకుని తెస్తారు, నాయకులు పైసలిస్తారు. రికార్డు పాట మొదలవుతుంది, గుండెలు అదిరే దరువు. ఆడవాళ్లు దానికి తగ్గట్టు గంతులేస్తారు, కాసేపటికి రొప్పుతూ కూర్చుంటారు. నలభై ఏళ్లు ఊరిని పాడించిన ముసలమ్మలు దూరంగా కుర్చీల్లో చెవులు మూసుకుని కూర్చుంటున్నారు. వాళ్లకు వందల చరణాలు నోటికి వచ్చు. అడిగే వాళ్లు లేరు. పాట నేర్చుకోవడానికి కోడళ్లు పక్కన నిలబడాలి, పదం వినపడాలి, తప్పు పాడితే సరిదిద్దేవాళ్లు ఉండాలి. ఆ చప్పుడులో ఏది సాధ్యం? రికార్డు పాటలో ఎవరూ తమ ముచ్చట జొనపలేరు. వంత పాడే పని కూడా బాక్సే చేసేస్తుంది. చప్పట్లు కొట్టినా ఎవరికీ వినపడవు. ఆడవాళ్లు చేసుకునే పండుగ కాస్తా ఆడవాళ్లకు వినిపించే పండుగ అయిపోయింది.

కుర్రవాళ్లకు ఊపు ఉండాలి కదా, కాలంతో పాటు పండుగ మారదా అంటారు. మారుతుంది, మారాలి కూడా. తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మ రోడ్డెక్కింది, ధర్నా చౌకుల్లో ఆడింది, కొత్త పాటలు కట్టుకుంది. అది మార్పే. ఆనాడు పాడింది మాత్రం మనుషులే. మా చిన్నతనంలో చాలా ఊళ్లలో వాడకొక బతుకమ్మ ఉండేది, దళితవాడ ఆడవాళ్లను గుడి ముందరికి రానిచ్చే వాళ్లు కాదు. ఆ గీత చెరిగిపోవాల్సిందే, చెరపడానికి ఎంత మార్పు తెచ్చినా నేను ముందుంటాను. బాక్సుల వల్ల ఆ గీత చెరగలేదు. వాడకొక బతుకమ్మ పోయి వాడకొక డీజే వచ్చింది.

రాష్ట్రం వచ్చిన 2014లోనే బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. సంతోషించాం. 2017 నుంచి సిరిసిల్ల మగ్గాల మీద నేయించి చీరలు పంచారు, నేత కార్మికులకు కొన్ని నెలల పని దొరికింది. అదీ మంచిదే. కానీ దృష్టంతా రికార్డుల మీదికి పోయింది. 2016లో ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేల మందికి పైగా ఆడవాళ్లతో గిన్నిస్ రికార్డు. 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో అరవై అడుగులు దాటిన బతుకమ్మతో ఇంకో రికార్డు. ప్రభుత్వాలు మారినా కొలతల పిచ్చి మారలేదు. ఆ ఖర్చులో వందో వంతు పెట్టి మండలానికి ఇద్దరు ముసలమ్మలను బడికి పిలిచి పాటలు నేర్పించి ఉంటే ఈపాటికి ఒక తరం పిల్లలకు పాటలు వచ్చి ఉండేవి. గునుగు మొలిచే బీళ్లు వెంచర్లయ్యాయి, చేలల్లో మొలిచింది గడ్డిమందుకు మాడింది, పూలు బజారులో కొనుక్కుంటున్నాం. దాని మీద ఏ స్టేడియంలోనూ ఎవరూ మాట్లాడలేదు.

2025 ఆనంద నివేదికలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నలుగురితో కలిసి తినే వాళ్లు ఒంటరిగా తినే వాళ్ల కన్నా తమ బతుకు పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారని అందులో రాశారు. సద్దుల నాడు చెరువు గట్టున జరిగేది అదే. బతుకమ్మను నీళ్లలో వదిలి వాయనాలిచ్చుకుని డబ్బాల మూతలు తీస్తారు. పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద. ఎవరి చేతి ముద్ద ఎవరి నోట్లో పడుతుందో లెక్కుండదు. ఇప్పుడు డీజే ఆగేసరికి అర్ధరాత్రి అవుతున్నది. డబ్బాలు ఇంటికి తిరిగిపోతున్నాయి.

ఇంత రాస్తుంటే ఇంకో బాధ గుర్తొచ్చింది. ఈ పండుగకు ఇంటికి రాని పిల్లలు. బతుకమ్మంటే ఆడబిడ్డలు తల్లిగారింటికి వచ్చే పండుగ. మరి ఇంటర్ చదివే పదహారేళ్ల ఆడబిడ్డ ఎక్కడుంది? హైదరాబాదులోనో హనుమకొండలోనో హాస్టల్లో, ఒక్కో గదిలో ఆరేడుగురి మధ్య. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు. ఆదివారం పరీక్ష. ఆట స్థలం లేదు, డాబా మీదికి తాళం. ఇంటర్ బోర్డు దసరాకు సెలవులిస్తుంది. సెలవుల్లో తరగతులు పెడితే చర్యలు తప్పవని హెచ్చరిస్తుంది. అయినా ఏటా తరగతులు నడుస్తూనే ఉంటాయి. నాకు తెలిసిన ఒక తల్లి సద్దుల నాడు బిడ్డను పంపమని ప్రిన్సిపాల్‌ను అడిగితే, వెళ్తే సిలబస్ వెనకబడుతుంది, మీ ఇష్టం అన్నాడట. ఆమె పంపమని గట్టిగా అడగలేకపోయింది. రెండు లక్షల ఫీజు అప్పు తెచ్చి కట్టింది మరి.

బీడీలమ్మ కష్టాన్ని మోయడానికి ముప్పై గొంతులున్నాయి. ఆమె బిడ్డకు ఎవరున్నారు? 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. ప్రతి చావు వెనకా చదువొక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ఫలితాల వారం తెలుగు పేపరు తెరవడానికి భయపడని తల్లి ఉందా? 2019 ఇంటర్ ఫలితాలప్పుడు తెలంగాణలో పోయిన పిల్లలను మరచిపోగలమా? నవ్వడానికీ, ఏడవడానికీ, నలుగురిలో కలిసి ఆడటానికీ రెండేళ్లు తాళం వేసి, తర్వాత ఐఐటీ వస్తే సంతోషపడు అంటున్నాం. అక్కడ కూడా ఆ పిల్లకు సంతోషపడటం చేతకాకపోతే ఆశ్చర్యమేముంది? అప్పుడు ఆ పిల్లను కూడా ఏసీ హాలు శిబిరానికి పంపుతాం కాబోలు.

పాటలతో అప్పులు తీరవని నాకూ తెలుసు. బీడీల వాళ్లకు 26 రోజుల పని దొరకాలి. గల్ఫ్ ఏజెంట్ల మోసాలు ఆగాలి. వాటి కోసం కొట్లాడాలి, వాళ్లు కొట్లాడుతూనే ఉన్నారు. కలెక్టరేట్ ముందు జెండాలు పట్టుకుని ఎండలో కూర్చున్న ఆడవాళ్లే సాయంత్రం బతుకమ్మ ఆడటం నేను చూశాను. ధర్నాలో నినాదం అందుకున్న ఆమే గుడి ముందర చరణమూ అందుకుంది.

పెత్రమాస దగ్గర పడుతున్నది. అమ్మల్లారా, అయ్యల్లారా, మీ పిల్లల కాలేజీకి ఈ వారమే ఫోను చేయండి. బోర్డు ఇచ్చిన సెలవు మా హక్కు, పిల్లను తీసుకుపోతున్నాం అని చెప్పండి. ఒక్కరు అడిగితే కసురుతారు, పది మంది కలిసి పోతే పంపుతారు. వాడలో యూత్ పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడండి. తొమ్మిది రోజుల్లో కనీసం ఎంగిలిపూల నాడూ సద్దుల నాడూ బాక్సులు వద్దనండి. మీ వీధిలో పాటలు వచ్చిన ముసలమ్మ ఎవరో కనుక్కుని, ఆమెను మొదటి చరణం అందుకోమనండి.