ఒకటో ర్యాంకు, ఎన్ని ఆటల మీద?

"ఆడవాళ్లలో నంబర్ వన్ అయితే ఏంటట? పూల్‌కి కండబలం అక్కర్లేదుగా, మగవాళ్లతో ఆడి గెలవమను." మా ఆఫీసులో పూల్ బల్ల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. దాచడమెందుకు, రెండేళ్ల కిందటి వరకు నేనూ అన్నాను. అందుకే జవాబు చెప్పాల్సిన బాధ్యత కొంత నా మీదే ఉందనుకుంటున్నాను.

ముందు ర్యాంకు అంటే ఏమిటో చూద్దాం. టూర్ ర్యాంకు ప్రతిభని తూచే తక్కెడ కాదు. ఏ టోర్నీలు ఆడారు, ఎంతదాకా వెళ్లారు, ఎన్ని పాయింట్లొచ్చాయి, అంతే లెక్క. ఆడని టోర్నీకి పాయింట్లుండవు. జరగని టోర్నీకి అసలే ఉండవు. 1990లలో అమెరికా మహిళల టూర్‌లో ఒకటో ర్యాంకుకి చేరిన జెనెట్ లీ ప్రపంచ నైన్‌బాల్ టైటిల్ ఎప్పుడూ గెలవలేదు. అలాగని ఆ ర్యాంకు అబద్ధమా? కాదు. ఒక వారం మెరవడం వేరు, టోర్నీ తర్వాత టోర్నీ నిలబడటం వేరు. ర్యాంకు చెప్పేది రెండోదాని గురించి.

కానీ నిలబడటానికి నేల ఉండాలి కదా! ఇంగ్లండ్‌కి చెందిన ఆలిసన్ ఫిషర్ మహిళల స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ విజేత. 1995లో అమెరికా వెళ్లి పూల్‌కి మారింది, నాలుగు ప్రపంచ నైన్‌బాల్ టైటిళ్లు గెలిచింది. అదే దేశపు కెల్లీ ఫిషర్ (ఇద్దరికీ బంధుత్వం లేదు) స్నూకర్‌లో ఐదుసార్లు ప్రపంచ విజేత. 2003లో మహిళల స్నూకర్‌కి ఉన్న కాస్త ఆసరా పోయాక ఆమే పూల్‌కి వచ్చింది. ఒక ఆటలో అందరికంటే పైనున్న మనిషి ఆ ఆటనే వదిలి వేరే ఆట వెతుక్కోవాల్సి వస్తే, తప్పు ఆమె ఆటలో ఉందా?

ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తాను. మహిళల ప్రపంచ నైన్‌బాల్ ఛాంపియన్‌షిప్ 2019లో జరిగింది. ఆ తర్వాతది 2023 జనవరిలో. మధ్యలో కోవిడ్ వచ్చిందంటారు. నిజమే, వచ్చింది. మరి మగవాళ్లకి 2021లోనూ 2022లోనూ జరిగిందిగా? 2021లో గెలిచినవాడు ఆస్ట్రియాకి చెందిన ఆల్బిన్ ఊషన్. అతని అక్క జాస్మిన్ కూడా ప్రపంచస్థాయి ఆటగత్తె. ఒకే ఇల్లు, ఒకే ఆట. తమ్ముడు ప్రపంచ విజేత అయిన ఏడాది అక్కకి ఆ పోటీయే లేదు.

ఇక్కడ లెక్కల మనుషులు ఫార్గోరేట్ తీస్తారు. ఆడా మగా అందరినీ ఒకే కొలబద్ద మీద పెట్టే రేటింగ్ అది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, పైవాడు రెండు ఆటలు గెలిచేసరికి కిందివాడు ఒకటి గెలుస్తాడని అంచనా. దాని ప్రకారం మహిళల్లో మొదటి స్థానంలో ఉన్నవాళ్లు మగవాళ్లలో మొదటివాళ్లకంటే కిందే ఉన్నారు. ఉన్నారు, కాదనను. కానీ అదే ఫార్గోరేట్, 200 ఆటలైనా నమోదు కానిదే మీ రేటింగ్ స్థిరపడినట్టు ఒప్పుకోదు. అంటే ఆ అంకె వెనక ఎన్ని ఆటలున్నాయన్నది ముఖ్యమని దాన్ని తయారుచేసినవాళ్లకే తెలుసు. వాడుకునేవాళ్లమే మర్చిపోతాం. పైగా ఆ అంకె ఇవాళ ఎలా ఆడుతున్నారో చెబుతుంది, ఇక్కడిదాకా రావడానికి ఎవరికెంత బల్ల దొరికిందో చెప్పదు.

ఇది నాకు తలకెక్కింది పుస్తకాల వల్ల కాదు. మా ఆఫీసు బల్లకి నేనే సరదాగా ఒక రేటింగ్ స్క్రిప్టు రాశాను. నా పేరు మీద 140 ఆటలు. మా టీములో ఒకావిడ పేరు మీద తొమ్మిది. పట్టికలో ఆవిడది అట్టడుగు స్థానం. "చూశారా, లెక్క అబద్ధం చెప్పదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "సాయంత్రం పూట బల్ల ఎవరి చేతిలో ఉంటుందో కూడా మీ స్క్రిప్టు లెక్కేస్తుందాండీ?" అంది. ఆవిడ క్యాబు ఆరున్నరకి. మేం ఆరుకి మొదలెట్టి తొమ్మిదిదాకా బల్ల వదలం. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పట్టికలో 'ఆడిన ఆటలు' అని ఇంకో వరస చేర్చాను. అది చేర్చాక నా మొదటి స్థానం నాకే అంత గొప్పగా కనిపించలేదు.

కాబట్టి "మగవాళ్లతో ఆడమను" అనేవాళ్లకి నా మాట ఒకటే. కండబలం పెద్దగా అక్కర్లేని ఆటలో కూడా ఇంత తేడా ఉందంటే, వెతకాల్సింది ఆడవాళ్ల చేతుల్లో లోపం కాదు. వాళ్లకి ఎన్ని బల్లలు, ఎన్ని టోర్నీలు, ఎంత ప్రైజ్ మనీ దొరికాయో వెతకండి. ఒకటో ర్యాంకు ఆమెకి అలంకారం కాదు. స్పాన్సరు తలుపు తట్టడానికి, వచ్చే ఏడాది కూడా ఆడగలగడానికి ఆమె చేతిలో ఉన్న కాగితం అదే. దాన్ని చూసి నవ్వే ముందు పక్కన ఇంకో వరస పెట్టి చూడండి: ఆ ఏడాది ఆమె ఆడటానికి ఎన్ని పోటీలు పెట్టారు?