లేత్ మీద తుపాకీ గొట్టమా?

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఇషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో రజతం గెలిచింది. పల్లె పిల్లలూ ఆ క్రీడ నేర్చుకుంటామంటే సంతోషమే. కాని పిస్టల్ గొట్టం పొడవైందని ఇంటి లేత్ మీద కోసి, మూతిని తిరిగి చెక్కుదామనే ఉబలాటం వేరు. గుండు గొట్టాన్ని విడిచే ఆఖరి చోటు ఆ మూతి అంచే. అక్కడ వెంట్రుకవాసి వంకర ఉన్నా, వెనుక తోసుకువచ్చే వాయువు గుండును ఒక పక్కకు నెడుతుంది. కోసింది గురి కోసం, పోయేదీ గురే!

అది పోతే పోనీ, చట్టం ఊరుకోదు. 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం గొట్టం కురచ చేయడానికి వేరే లైసెన్సు ఉండాలి. తుపాకీకి లైసెన్సు ఉన్నంతమాత్రాన చాలదు. 2019 సవరణ తరువాత శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. పంట కాపలా తుపాకీకీ ఇదే వర్తిస్తుంది.

అప్పుచేసి కొడుకులను అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ అద్దె గదుల్లో ఉంచి పోలీసు కొలువులకు చదివిస్తున్న తల్లిదండ్రులు ఈ సంగతి వారి చెవిన వేయాలి. లైసెన్సున్న మరమ్మతుదారు ఎక్కడున్నాడో ప్రతి పోలీసు స్టేషను బోర్డు మీద రాయించడం అధికారులకు పెద్ద పని కాదు.