చావబోయేవాడికి వైద్యం ఎందుకంటారా?

– బి.ఎస్సి. (బి.జడ్.సి.), తృతీయ సంవత్సరం



సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగితే, "ప్రేమ మీద రాయి, అందరూ చదువుతారు" అన్నాడు మా రూమ్మేటు. నేను ఒక మంచం గురించి రాస్తున్నాను. అది మా తాత మంచం.

నర్సంపేట దాటి, పాఖాల అడవి దాటి వస్తే మా కొత్తగూడ. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. వరి, మక్క, పత్తి, ఎండాకాలం తునికాకు. ఇదీ మా బతుకు. తాత జీవితమంతా చుట్ట తాగాడు. 2020 చివర్లో నోట్లో పుండు లేచింది, మానలేదు. పట్నం తీసుకుపోతే క్యాన్సర్ అన్నారు, ముదిరిపోయింది, కోసినా లాభం లేదన్నారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలిచ్చి, అయిపోగానే మళ్లీ వచ్చి రాయించుకొమ్మన్నారు.

ఆ మాత్రలు పని చేశాయి. ఇది పుస్తకంలో చదివింది కాదు, కళ్లారా చూసింది. మాత్ర పడిన గంటకు తాత లేచి కూచుని అంబలి తాగేవాడు. "ఏం బిడ్డా, ఐకేపీ కాడ మన వడ్లు కాంటైనయా?" అని అడిగేవాడు. నొప్పి తగ్గిన మనిషికి మళ్లీ వడ్లు గుర్తుకొచ్చాయి.

2021 మే 12న రాష్ట్రంలో లాక్‌డౌన్ పెట్టారు. మొదట్లో పొద్దున ఆరు నుంచి పది వరకే సడలింపు. వైద్యానికి పోయేవాళ్లకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కాని సుమారు రెండు వందల కిలోమీటర్లు పోయి రావడానికి కిరాయి కారు పెట్టుకోగలిగినవాడికే ఆ మినహాయింపు. పైగా ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని భయం. మాత్రలు అయిపోయాయి. ఫోన్ చేస్తే డాక్టరు ఓపిగ్గానే మాట్లాడాడు, కాని ఈ మందు ఫోన్‌లో రాసివ్వడం కుదరదన్నాడు. అప్పుడు ఆయన మీద చాలా కోపమొచ్చింది. తప్పు ఆయనది కాదని తర్వాత తెలిసింది. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోనే మార్ఫిన్ వంటి మందులను ఫోన్ ద్వారా రాయకూడదని ఉంది.

తొమ్మిది రాత్రులు. వాటి గురించి ఎక్కువ రాయలేను. పిల్లలు లేస్తారని తాత అరవకుండా తువ్వాలను పిడికిట్లో బిగించి పట్టుకునేవాడు. నాయిన వాకిట్లో తెల్లవార్లూ తిరిగేవాడు. పదోనాడు తెల్లారకముందే పాణం పోయింది.

ఆ నెలలోనే మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె కరోనాతో దూరపు వార్డులో చనిపోయింది. ఆమెకు ఆక్సిజన్ ఉంది, మందులున్నాయి. కొడుకులిద్దరూ గేటు బయట చెట్టు కింద ఉన్నారు. మా తాత చుట్టూ ఇంటిల్లిపాదీ ఉన్నాం, మందే లేదు. ఈ రెండు చావుల్లో ఏది నయమని నన్నెవరైనా అడిగితే ఏం చెప్పను?

"ఎట్లాగూ బతకడు, ఇంక వైద్యమెందుకు?" అని మన ఊళ్లలో అంటారు. చదువుకున్నవాళ్లు కూడా అంటారు. నయం కాని రోగికి నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించడమే ఒక వైద్యమని 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టి చూపించింది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేద్న సదన్ మొదలైంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగముంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది. అయినా ప్రపంచంలో ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరమైతే, అందేది 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మామూలు రోజుల్లోనే ఇదీ సంగతి. మహమ్మారి వచ్చినప్పుడు ఉన్న కాస్త కూడా తెగిపోతుంది. క్యాన్సర్ మాత్రం లాక్‌డౌన్ పాటించదు.

అందుకే నా అభిప్రాయం ఇది: మహమ్మారిలో హాస్పిస్ అంటే రోగి ఇల్లే కావాలి, మందు మండలానికి రావాలి. పి.హెచ్.సి.లో తాళం వేసిన బీరువా, ఒక రిజిస్టరు, శిక్షణ పొందిన ఒక నర్సు చాలు. రోగిని ఒకసారి డాక్టరు చూశాక నెలకు సరిపడా మాత్రలు ముందే ఇవ్వాలి. చిక్కంతా రెండో చీటీ దగ్గరే కదా! తెలిసిన రోగికి ఆ చీటీ ఫోన్‌లో రాసే వీలు కల్పించాలి. మార్ఫిన్ ఊళ్లకొస్తే దుర్వినియోగం అవుతుందంటారు. పత్తి చేనుకు కొట్టే పురుగుల మందును ఏ డాక్టరు చీటీ లేకుండా కొనుక్కొచ్చుకునేవాళ్లం మేము! మార్ఫిన్‌ను కట్టడి చేసిన 1985 చట్టాన్నే 2014లో సవరించి, అవసరమైన రోగులకు అందేలా దారి సుళువు చేశారు. ఆ దారి మా ఊరి దాకా రావాలి, అంతే.

ఇక భద్రత. ఈ వైరస్ గాలాడని గదిలో ఎక్కువ అంటుకుంటుంది. వేపచెట్టు కింద, వాకిట్లో మంచం వేస్తే సగం పని అయినట్టే. చూసుకునేవాళ్లు ఒకరిద్దరే ఉండాలి, వాళ్లే రోజూ ఉండాలి. మాస్కు, సబ్బు, ముందే టీకా. వచ్చే నర్సుకు, ఆశా అక్కకు సరైన మాస్కు ఇవ్వాలి. ఒక గుడ్డ మాస్కిచ్చి ఇల్లిల్లూ తిరగమనడం న్యాయం కాదు. కరోనా వార్డులో చివరి ఘడియల్లో ఉన్నవారి దగ్గరికి కూడా, రక్షణ దుస్తులు తొడిగి ఒక్క మనిషిని కొద్దిసేపైనా పంపాలి. చనిపోయాక దూరం నుంచి ముఖం చూపించడానికి 2020 మార్చిలోనే పద్ధతి రాసుకున్నాం. బతికుండగా చెయ్యి పట్టుకోవడానికి ఒక పద్ధతి రాసుకోలేమా?

కేరళ ప్రభుత్వం 2008లోనే దీనికొక విధానం ప్రకటించింది. అక్కడ నర్సుతోబాటు ఊరి వలంటీర్లు కూడా రోగి ఇంటికి వెళతారు, వాళ్లలో విద్యార్థులుంటారు. మన యూనియన్ ఏటా ఎన్నికల గోడరాతలకు పెట్టే శ్రమలో పదోవంతు చాలు, ముప్పైమందిమి పుండు కడగడం, మంచాన పడ్డవాళ్లను ఒత్తిగిలించడం నేర్చుకోవచ్చు. జిల్లా ఆసుపత్రివాళ్లను అడిగి నేర్పించుకుందాం. మళ్లీ అటువంటి రోజులొచ్చేదాకా ఆగనక్కర్లేదు, మంచాన పడ్డవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.

ఈసారి ఎన్.ఎస్.ఎస్. శిబిరం మా కొత్తగూడలో పెట్టమని ప్రోగ్రాం ఆఫీసరు గారిని ఇప్పటికే అడిగాను. పదిమందికి వండి పెట్టే పూచీ మా అమ్మది. పడుకోవడానికి వాకిట్లో మంచాలున్నాయి, తాతది కూడా.