చాలమ్మ యను పేరు

మహానందిలో కామేశ్వరీదేవికి మ్రొక్కి వచ్చిన తండ్రి, తన యింట మరల ఆడుబిడ్డ పుట్టగా 'చాలమ్మ' యని పేరు పెట్టినచో అది యెట్టి భక్తి?

పెంటయ్య, పుల్లయ్య యను పేర్లకైనను ఒక సమాధానము కలదు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లిదండ్రులు, ఈ బిడ్డనైనను మృత్యువు రోసి విడుచునని హీనమైన పేరు పెట్టిరి. ఆ మూఢత్వమున ప్రేమ కలదు. చాలమ్మ యను పేరున విసుగే కలదు. బడిలో హాజరు పిలిచినప్పుడెల్ల ఆ బాలిక ఆ విసుగునకు 'ఉన్నాను' అని బదులు పలుకవలెను.

2011లో మహారాష్ట్రమందలి సతారా జిల్లాలో 'నకుశ', అనగా 'అక్కఱలేనిది' యను పేరు గల 285 మంది బాలికలు క్రొత్త పేర్లు గైకొనిరి. మన చాలమ్మలును అట్లే కోరినచో పెద్దలు అడ్డుపడరాదు. ఇక పుట్టబోవు బిడ్డలకు ఆ పేరు పెట్టుట చాలింపుడు.