థింసా ఒక్కటేనా సంస్కృతి?

జి.మాడుగుల దగ్గర కొత్తపల్లి జలపాతం చూసి, అరకులో నడుముల వెనుక చేతులు పెనవేసుకుని ఆడే థింసా నృత్యాన్ని ఫోనులో పట్టుకుని వెళ్లే యాత్రికుడికి గిరిజన సంస్కృతి అంటే అంతే. అతన్ని తప్పుపట్టనక్కర్లేదు, మంత్రి ఎవరొచ్చినా ప్రభుత్వం చూపించేదీ అదే. కానీ 1871లోనే మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ సంస్కృతి కింద కళతో పాటు జ్ఞానం, నమ్మకం, నీతి, చట్టం, ఆచారం అన్నిటినీ లెక్కించాడు. ఇవి రక్తంలో వచ్చేవి కావు, సంఘంలో పెరుగుతూ మనిషి నేర్చుకునేవి. మనం కళను వేదికెక్కించి, చట్టాన్ని ఊళ్లోనే వదిలేశాం. మన్యంలో పథకాలు బోల్తా పడటానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ చట్టం ఇక్కడి ఇంటిపేర్లలోనే ఉంది. కిల్లో వారిది పులి వంశం, కొర్రా వారిది సూర్యుడు, వంతాల వారిది పాము, పాంగి వారిది గద్ద, గొల్లోరి వారిది కోతి. ఒకే వంశం వాళ్లు ఒకరి ముఖం ఒకరు ఎరగకపోయినా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే. వాళ్ల మధ్య పెళ్లి మాటే ఉండదు. మామిడి సంగతీ అంతే. ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చెప్పి, ఊరంతా కొత్త పండగ చేసుకునేదాకా ఆ ఏటి కాయ నోట పెట్టరు. పైనుంచి చూస్తే మూఢాచారం. కానీ ఆ కట్టుబాటు ఉన్నచోట కాయ ముదిరేదాకా చెట్టు మీద నిలుస్తుంది, బలవంతుడు ముందుగా దులుపుకుపోయే వీలుండదు.

ఇలాంటివి తెలుసుకుంటే ఒరిగేదేమిటంటారా? జవాబుగా గోండుల ఊరు మార్లవాయి ఉంది. 1940లో తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కొమురం భీం మరణించాక నిజాం ప్రభుత్వం ఆ తిరుగుబాటుకు కారణాలు కనుక్కోమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన గోండుల మధ్య కాపురముండి, వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1943లో మార్లవాయిలో మొదలైన శిక్షణ కేంద్రం గోండులనే పంతుళ్లుగా తయారుచేసింది. మనకు దగ్గర్లోనే ఇంకోటి: 2013లో సుప్రీంకోర్టు ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ గనుల నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులైన కోందులు ఆ కొండను దేవుడిగా కొలవడం అక్కడ చట్టం ముందు లెక్కకు వచ్చింది.

మానవశాస్త్రం దొరల కొలువులో పుట్టిన విద్య కాదా అని అడగొచ్చు. నిజమే, బ్రిటిష్ కాలంలో థర్‌స్టన్ అనే పరిశోధకుడు ముక్కులు కొలిచి మనుషులకు తరగతులు కట్టాడు, హైమన్‌డార్ఫ్‌దీ నిజాం జీతమే. అయితే ముక్కు కొలిచినవాడికీ భాష నేర్చినవాడికీ కనిపించే ఊరు ఒకటి కాదు. గర్భిణిని డోలీలో మోసే చోట సంస్కృతి ముచ్చట్లెందుకన్నది మరింత గట్టి ప్రశ్న. రోడ్డు ముందు పడాల్సిందే, అందులో వాదం లేదు. కానీ రోడ్డు మీద వచ్చిన డాక్టరు మాట తల్లికి, తల్లి మాట డాక్టరుకు అర్థం కావాలి కదా. ఇక చిల్లంగి, అంటే చేతబడి, చేశారన్న అనుమానంతో చంపడం కూడా సంస్కృతేనా అంటారు. అది నేరమే. అయితే కేసు పెట్టేది ప్రాణం పోయాక. అంతకుముందే ఆపాలంటే అనుమానం ఎవరి ఇంటి నుంచి ఎవరి మీదికి మళ్లుతుందో, పెద్దల్లో ఎవరి మాటకు ఊరు ఆగుతుందో తెలిసుండాలి. అందుకే ఏజెన్సీకి కొత్తగా వచ్చే పంతులుకు, ఎస్సైకి, డాక్టరుకు ఉద్యోగంలో చేరగానే ఆ ఊళ్లలోనే కొన్ని నెలల శిక్షణ ఇవ్వాలి. కొండ భాష నేర్చుకున్నవారికి జీతంలో ఒక ఇంక్రిమెంటు కలపాలి.