హెచ్‌ఇపి అంటే అంత చులకనా?

డిగ్రీలో హెచ్‌ఇపి తీసుకున్న పిల్లగాడిని సిర్గాపూర్‌లోనే కాదు, పట్నంలోనూ చులకనగానే చూస్తున్నారు. ఎక్కడా సీటు దొరకనోడి చదువట! ఈ మాట మేం ఒప్పుకోం.

నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం దాన్ని బీదర్ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. తెలుగు, కన్నడం, మరాఠీ కలగలిసిన ఊళ్లను ఓటు అడిగింది లేదు. ఇది రాజనీతిశాస్త్రం కాకపోతే మరేమిటి?

రాజ్యాంగం మూడో అధికరణం చదివినోళ్లకు ఒక సంగతి తెలుసు. కొత్త రాష్ట్రానికి అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, దాని ఒప్పుదల అక్కర లేదు. 2014 జనవరి 30న అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 20 నాటికి పార్లమెంటు ఉభయసభలూ ఆమోదించాయి. 1985 నాటి 610 జీవోను అక్షరమక్షరం చదివిన ఉద్యోగులే దాని అమలు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు.

ఇప్పుడా చదువు గ్రూప్స్ గైడ్లకు కుదించుకుపోయింది. తెలంగాణ ఉద్యమం ఒక పేపరైంది, బిట్లు బట్టీ పడితే సరి! మా డిమాండ్ పెద్దదేం కాదు. మారుమూల డిగ్రీ కాలేజీల్లో రాజనీతిశాస్త్రం చెప్పడానికి గెస్టులను కాదు, రెగ్యులర్ లెక్చరర్లను వేయాలి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఆ సబ్జెక్టే కావాలంటే అడ్డు చెప్పకండి.